మైఎస్‌క్యూఎల్ కావాలి అంటే అసలు ఏం కావాలని? డేటాబేస్ డిపెండెన్సీల గొడవ గురించి

చిన్న వెబ్ అప్లికేషన్ ఏదో వేద్దామని కమాండ్ కొడితే ఆప్ట్ (డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్‌లలో ప్యాకేజీలు వేసే కమాండ్) తీరిగ్గా ఒక లిస్టు చూపిస్తుంది, ఇది వేయాలంటే ఇప్పుడున్న మరియాడీబీ అనే డేటాబేస్ తీసేయాలి, దాంతోపాటు మెయిల్ ప్రోగ్రాం పోతుంది, ఇంకో నాలుగు పోతాయి, సరేనా అని అడుగుతుంది. సరే అంటే కొంప మునుగుతుంది, కాదంటే పని జరగదు. లేదా అసలు అడగను కూడా అడగదు, డిపెండెన్సీలు (ఒక ప్యాకేజీ నడవడానికి కావలసిన వేరే ప్యాకేజీలు) తీరట్లేదు, ప్యాకేజీలు విరిగిపోయి ఉన్నాయి అని రెండు లైన్లు పడేసి ఊరుకుంటుంది. లినక్స్‌లో సర్వర్లు చూసుకునేవాళ్ళలో ఈ స్క్రీన్ చూడనివాళ్ళు తక్కువే.

చూసినవాళ్ళంతా దీన్ని వర్షన్ నంబర్ల గొడవ అనుకుంటారు, దీనికి ఫలానా వర్షన్ కావాలి, దానికి ఇంకో వర్షన్ కావాలి, రెండూ కుదరట్లేదు అని. డేటాబేస్‌ల విషయంలో చాలాసార్లు అసలు గొడవ అది కాదు. "డిపెండ్స్: మైఎస్‌క్యూఎల్" అని ప్యాకేజీ కంట్రోల్ ఫైల్లో, అంటే దానికి ఏమేం కావాలో చెప్పే ఫైల్లో, ఒక లైను రాస్తే అందులో కనీసం నాలుగు వేరే వేరే కోరికలు కలిసిపోయి ఉంటాయి. కంపైల్ చేయడానికి క్లయింట్ లైబ్రరీ కావాలనా, అదే మెషీన్లో సర్వర్ నడుస్తూ ఉండాలనా, మైఎస్‌క్యూఎల్ అనే కమాండ్ ఉంటే చాలనా, పాత డేటా ఫైళ్ళు చదవగలిగే ప్రోగ్రాం కావాలనా? ప్యాకేజీ తయారుచేసే మెయింటైనర్ మనసులో ఏదో ఒకటి ఉంటుంది, ప్యాకేజీ మేనేజర్‌కి మాత్రం పేరు ఒక్కటే కనపడుతుంది. ఈ నాలుగూ విడదీస్తే గొడవ సగం తీరిపోతుంది. అది ఎలా విడదీశారో చూడాలంటే డెబియన్‌లో మైఎస్‌క్యూఎల్ నుంచి మరియాడీబీకి మారిన వ్యవహారం కంటే మంచి ఉదాహరణ దొరకదు.

కథ కొంచెం క్లుప్తంగా. స్వీడన్‌లో 1995లో మొదలైన మైఎస్‌క్యూఎల్‌ని 2008లో సన్ కంపెనీ దాదాపు 100 కోట్ల డాలర్లకి కొంది, ఆ సన్‌ని ఒరాకిల్ కొంటానని 2009లో ప్రకటించి 2010 జనవరిలో పని పూర్తి చేసింది. ఒరాకిల్ చేతికి పోతే దీని గతి ఏంటో అని మైఎస్‌క్యూఎల్ మొదట రాసినవాళ్ళలో ఒకడైన మాంటీ వీడెనియస్ 2009లోనే సోర్స్ కోడ్‌ని చీల్చి మరియాడీబీ మొదలెట్టాడు. (మై అనేది ఆయన పెద్ద కూతురి పేరు, మరియా చిన్న కూతురి పేరు, కాబట్టి ఇది ఒకరకంగా అక్కాచెల్లెళ్ళ గొడవ కూడా.) లినక్స్ డిస్ట్రోల్లో (కూర్పుల్లో) 2013లో ఓపెన్‌సూసే 12.3, ఆర్చ్, ఫెడోరా 19, స్లాక్‌వేర్ 14.1 వరసగా మరియాడీబీ వైపు వెళ్ళిపోయాయి, 2014లో రెడ్‌హ్యాట్ 7 వెళ్ళింది. డెబియన్ మాత్రం నిదానంగా నడిచింది, 2015లో వచ్చిన జెస్సీ అనే రిలీజ్‌లో మైఎస్‌క్యూఎల్ 5.5, మరియాడీబీ 10.0 రెండూ పెట్టి, 2017 జూన్ 17న వచ్చిన స్ట్రెచ్‌లో మైఎస్‌క్యూఎల్ తీసేసి మరియాడీబీ 10.1 ఒక్కటే ఉంచింది. సెక్యూరిటీ లోపాల వివరాలు ఒరాకిల్ సరిగ్గా బయటపెట్టదు, ఏ ప్యాచ్ దేనికో తెలియకుండా స్టేబుల్ రిలీజ్‌ని మోయడం ఎలా అన్నది అక్కడ ముఖ్యమైన కారణం. ఉబుంటు మాత్రం మైఎస్‌క్యూఎల్‌తోనే ఉండిపోయింది. డెబియన్ ప్యాకేజీలే ఎక్కువ భాగం ఉబుంటులోకి వెళ్తాయి కదా, ఇక్కడే అసలు చిక్కు మొదలైంది.

మొదట్లో మరియాడీబీ అచ్చం మైఎస్‌క్యూఎల్‌లా ఉంటుంది, అది తీసి ఇది పెట్టుకోవచ్చు అన్నదే దాని గొప్ప. ఆ గొప్పే ప్యాకేజింగ్‌కి తలనొప్పి అయింది. రెండూ /యూఎస్ఆర్/బిన్/మైఎస్‌క్యూఎల్ అనే ఒకే ఫైల్ పెట్టేవి, సర్వర్ ప్రోగ్రాం పేరు మైఎస్‌క్యూఎల్‌డీ, డేటా ఉండేది /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్‌లో, పోర్టు 3306, సాకెట్ ఫైల్ కూడా అదే. ఒక ఒరలో రెండు కత్తులు అన్నమాట. ఒక ప్యాకేజీ ఫైల్ మీద ఇంకో ప్యాకేజీ ఫైల్ రాయబోతే డీపీకేజీ (ఆప్ట్ కింద ప్యాకేజీలని నిజంగా వేసే ప్రోగ్రాం) ఒప్పుకోదు, మధ్యలో ఆగిపోతుంది. కాబట్టి కాన్‌ఫ్లిక్ట్స్, అంటే ఈ రెండూ కలిసి ఉండకూడదు, అని రాయక తప్పదు, అది రాసిన క్షణం నుంచి మైఎస్‌క్యూఎల్ మీద ఆధారపడ్డ ప్రతి ప్యాకేజీ మరియాడీబీ ఉన్న మెషీన్లోకి రాకుండా ఆగిపోతుంది.

దీనికి పాతకాలం విరుగుడు ప్రొవైడ్స్. అంటే మరియాడీబీ ప్యాకేజీ "నేను మైఎస్‌క్యూఎల్-సర్వర్‌ని కూడా" అని చెప్పుకుంటుంది. వినడానికి బాగుంది గానీ ఎవరో ఒక ప్యాకేజీలో మైఎస్‌క్యూఎల్-సర్వర్ 5.5 లేదా అంతకంటే పైది అని రాసి ఉంటే ఇది పనిచేయదు, ఎందుకంటే వర్షన్ లేని ప్రొవైడ్స్ వర్షన్ అడిగిన డిపెండెన్సీని తీర్చలేదు. 2014 ప్రాంతంలో డీపీకేజీకి వర్షన్‌తో ప్రొవైడ్స్ చెప్పే వీలు వచ్చింది, సరే అయితే ఏ వర్షన్ చెప్పాలి? మరియాడీబీ 5.5 తర్వాత ఏకంగా 10.0కి దూకింది, మైఎస్‌క్యూఎల్ 5.7 తర్వాత 8.0కి దూకింది. 10.1 అనేది 5.7 కంటే పెద్దదా? లెక్కల ప్రకారం పెద్దదే, ఫీచర్ల ప్రకారం ఆ ప్రశ్నకి అర్థమే లేదు. 5.7లో 2015లో వచ్చిన జేసాన్ టైపు డేటాని సొంత బైనరీ రూపంలో దాస్తుంది, మరియాడీబీలో జేసాన్ అంటే లాంగ్‌టెక్స్ట్‌కి ఇంకో పేరు మాత్రమే. రెండు వేరే కుటుంబాల నంబర్లని ఒకే త్రాసులో వేసి తూచడం లాంటిది ఇది.

డెబియన్ చివరికి చేసిన పని ఏంటంటే పేర్లనే విడగొట్టింది. మైఎస్‌క్యూఎల్-డిఫాల్ట్స్ అనే చిన్న సోర్స్ ప్యాకేజీ పెట్టి అందులోంచి డిఫాల్ట్-మైఎస్‌క్యూఎల్-సర్వర్, డిఫాల్ట్-మైఎస్‌క్యూఎల్-క్లయింట్, డిఫాల్ట్-లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్-డెవ్ అనే ఖాళీ ప్యాకేజీలు తీసుకొచ్చింది. వీటిల్లో సరుకేమీ ఉండదు, "ఈ డిస్ట్రోలో మేం ఎంచుకున్నది ఇదీ" అని వేలు చూపించడమే వీటి పని. ఇదే డిఫాల్ట్-మైఎస్‌క్యూఎల్-సర్వర్ డెబియన్‌లో మరియాడీబీ వైపు చూపిస్తుంది, ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ వైపు చూపిస్తుంది. దీని పక్కన వర్చువల్-మైఎస్‌క్యూఎల్-సర్వర్ అని ఇంకో పేరు, ఇది నిజంగా ప్యాకేజీ కూడా కాదు, ఆ పని చేయగలిగిన ఏ సర్వర్ ప్యాకేజీ అయినా ప్రొవైడ్స్‌లో చెప్పుకునే పేరు. ఇప్పుడు అప్లికేషన్ ప్యాకేజీ "డిఫాల్ట్-మైఎస్‌క్యూఎల్-సర్వర్ లేదా వర్చువల్-మైఎస్‌క్యూఎల్-సర్వర్" అని రాసుకుంటే చాలు. ఏదీ లేని మెషీన్లో డిస్ట్రో ఎంచుకున్నది వస్తుంది, అప్పటికే ఏదో ఒకటి ఉంటే దాన్ని కదిలించరు. ఒకే సోర్స్ ప్యాకేజీ ఒక్క అక్షరం మార్చకుండా రెండు డిస్ట్రోల్లోనూ బిల్డ్ అవుతుంది. మెయిల్ సర్వర్ల కోసం డిఫాల్ట్-ఎంటీఏ అనే పద్ధతి ముందే ఉంది, దాన్నే ఇక్కడికి తెచ్చారు, కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, అయినా ఎంత పని తగ్గించిందో.

ఇందులో ఆ "లేదా"కి ముందు ఏది రాస్తాం, తర్వాత ఏది రాస్తాం అన్నది చిన్న విషయంలా కనపడుతుంది, కాదు. వర్చువల్ పేరు ముందు రాస్తే దాన్ని తీర్చే ప్యాకేజీలు ఎన్ని ఉంటే వాటిల్లో ఏది వస్తుందో చెప్పలేం, ఈరోజు ఒకటి రావచ్చు, రిపోలో (ప్యాకేజీలు దొరికే సర్వర్‌లో) కొత్త ప్యాకేజీ ఒకటి చేరాక రేపు ఇంకోటి రావచ్చు. బిల్డ్-డిపెండ్స్‌లో (కంపైల్ చేయడానికి కావలసినవి రాసే చోట) అయితే ఇంకా ఖచ్చితం, డెబియన్ బిల్డ్ సర్వర్లు మామూలుగా మొదటి ఆప్షన్ ఒక్కటే చూస్తాయి, తర్వాతవి పట్టించుకోవు, ఎందుకంటే ఒకే సోర్స్ ఒక్కో ఆర్కిటెక్చర్‌లో ఒక్కో లైబ్రరీతో బిల్డ్ అయితే తర్వాత వచ్చే బగ్‌లు ఎవడు వెతుకుతాడు. కాబట్టి ఖచ్చితమైన పేరు ముందు, సర్దుకుపోయే పేరు తర్వాత.

మైఎస్‌క్యూఎల్-కామన్ అనే ప్యాకేజీ సంగతి మాత్రం చెప్పి తీరాలి. మై.సీఎన్ఎఫ్ అనే కాన్ఫిగరేషన్ ఫైల్ రెండు సర్వర్లకీ ఒకటే కాబట్టి దాన్ని ఈ ఉమ్మడి ప్యాకేజీలో పెట్టి, అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ లింకుతో ఏ సర్వర్ ఉంటే దాని ఫైల్ వైపు తిప్పేలా చేశారు. మంచి ఆలోచన. అయితే ఈ ప్యాకేజీ ఇంతకుముందు మైఎస్‌క్యూఎల్ సోర్స్ నుంచి వచ్చేది, ఇప్పుడు వేరే సోర్స్ నుంచి రావాలి, వర్షన్ పాతదానికంటే పెద్దగా ఉండాలి, లేకపోతే అప్‌గ్రేడ్ జరగదు. అందుకని 5.8+1.0.2 లాంటి నంబర్ పెట్టారు, 5.7 కంటే పైన ఉంటుంది కదా అని. మైఎస్‌క్యూఎల్ ఏమో 5.8 జోలికే పోకుండా 2018 ఏప్రిల్‌లో నేరుగా 8.0గా వచ్చింది. దాంతో ఎవరైనా ఒరాకిల్ వాళ్ళ సొంత రిపో కలిపితే అక్కడి మైఎస్‌క్యూఎల్-కామన్ 8.0 వచ్చి డెబియన్ దాని మీద కూర్చుంటుంది. మరియాడీబీ వాళ్ళ సొంత రిపోలో ఇదే పేరుతో ఉన్న ప్యాకేజీ నంబర్ ఇంకా పైన, ముందు 1: అనే ఈపాక్‌తో (మిగతా నంబర్ కంటే ముందు పోల్చే అంకె) 10 పైనే ఉండేది. ఆ రిపో తీసేసి మళ్ళీ డెబియన్ ప్యాకేజీలకి రావాలంటే ఆప్ట్ తనంతట తాను కిందికి దిగదు, 5.8 చిన్న నంబర్ కాబట్టి. సోర్సెస్ లిస్టులోంచి రిపో లైను తీసేసి "అన్నీ తీసేశాను కదా ఇంకా ఎందుకు గొడవ" అని తల పట్టుకునేవాళ్ళలో చాలామందికి అసలు దొంగ ఈ చిన్న ప్యాకేజీయే, ముందు ఆప్ట్ పాలసీ కమాండ్‌తో దీని వర్షన్ ఎక్కడి నుంచి వచ్చిందో చూసి, కావలసిన వర్షన్ పేరు చెప్పి బలవంతంగా దించితే మిగతావి వాటంతట అవే దారికొస్తాయి. ఈపాక్ అనేది ఒకసారి పెట్టాక తీయడం కుదరని ముడి, అవసరం లేకుండా వేయకూడదు.

సర్వర్ సంగతి ఇలా పేర్లతో తేలిపోయింది గానీ క్లయింట్ లైబ్రరీ అంత తేలిక కాదు. సర్వర్‌కీ అప్లికేషన్‌కీ మధ్య నెట్‌వర్క్ ప్రోటోకాల్ ఉంటుంది, సర్దుకుపోతుంది. లైబ్రరీ అయితే అప్లికేషన్ లోపలికే వచ్చి కూర్చుంటుంది. లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్ సోనేమ్ నంబర్ (పాతదానితో పొసగనంతగా లైబ్రరీ మారితే మారే నంబర్) 5.5లో 18, 5.7లో 20, 8.0లో 21. మరియాడీబీ కూడా చాలాకాలం అదే పేరుతో 18 అనే లైబ్రరీ ఇచ్చేది, 10.2 నుంచి కనెక్టర్-సీ అనే వేరే కోడ్‌కి మారి లిబ్‌మరియాడీబీ 3 అయింది. ఒకే ప్రాసెస్‌లోకి ఒక మాడ్యూల్ ద్వారా ఇది, ఇంకో మాడ్యూల్ ద్వారా అది వచ్చాయనుకోండి, రెండిట్లోనూ ఫంక్షన్ల పేర్లు ఒకటే, ఏ పిలుపు ఎటు పోతుందో తెలియదు, క్రాష్ అయితే అదృష్టం, అవ్వకుండా తప్పుడు మెమరీ చదివితే ఇంకా ఘోరం.

ఇంకా కంపైల్ దగ్గర వచ్చే చిక్కులు. మైఎస్‌క్యూఎల్ 8.0లో మై_బూల్ అనే టైపు తీసేశారు, ఏళ్ళ తరబడి దాన్ని వాడిన కోడ్ అంతా ఒక్కసారిగా ఆగిపోయింది. మరియాడీబీ వైపు కొత్త కనెక్టర్‌లో ఎంవైఎస్‌క్యూఎల్ స్ట్రక్చర్‌లో రీకనెక్ట్ అనే మెంబర్ కనపడకుండా పోయింది, దాన్ని నేరుగా ముట్టుకునే పాత మైఎస్‌క్యూఎల్-పైథాన్ మాడ్యూల్ బిల్డ్ పగిలింది. పాతది ఎవరూ చూసుకోవట్లేదు కాబట్టి దాన్నుంచి చీలిన మైఎస్‌క్యూఎల్‌క్లయింట్ అనే పైథాన్ ప్యాకేజీకి మారడమే దారి అయింది. హెడర్లో కనపడింది కదా అని స్ట్రక్చర్ లోపల చెయ్యి పెడితే ఇలాగే ఉంటుంది, ఆప్షన్ సెట్ చేయడానికి ఫంక్షన్ ఉంది, అది వాడిన కోడ్ రెండు వైపులా బతికింది. మొదటి ప్యాచ్ ఇదే అవ్వాలి, అప్‌స్ట్రీమ్‌కి, అంటే ఆ సాఫ్ట్‌వేర్ అసలు రాసేవాళ్ళకి, పంపాల్సిన ప్యాచ్ కూడా ఇదే. డిస్ట్రోలోనే దాచుకున్న ప్యాచ్‌ని ప్రతి రిలీజ్‌కీ మళ్ళీ కుట్టుకుంటూ కూర్చోవాలి.

పెర్ల్‌లో ఇంకో దారి పట్టింది. డీబీడీ-మైఎస్‌క్యూఎల్ అనే ఒకే మాడ్యూల్ రెండిటికీ పనిచేసేది, 2018లో డీబీడీ-మరియాడీబీ అని వేరు కాపురం మొదలైంది, తర్వాత 2023లో డీబీడీ-మైఎస్‌క్యూఎల్ 5 సిరీస్ మరియాడీబీ లైబ్రరీతో బిల్డ్ అవ్వడమే మానేసి మైఎస్‌క్యూఎల్ 8 క్లయింట్ కావాలంది. స్టేబుల్‌లో మైఎస్‌క్యూఎల్ లేని డెబియన్ లాంటి డిస్ట్రో అప్పుడు పాత 4 సిరీస్ దగ్గర ఆగాలి, లేదా దాన్ని వాడే ప్యాకేజీలన్నిటినీ ఒక్కొక్కటిగా కొత్త మాడ్యూల్‌కి మార్చాలి. పీహెచ్‌పీలో దీనికంతటికీ చాలా ముందే 2009లో 5.3తో మైఎస్‌క్యూఎల్‌ఎన్‌డీ అనే సొంత డ్రైవర్ వచ్చింది, బయటి లైబ్రరీ అవసరమే లేకుండా. దానికి ఒక పెద్ద కారణం లైసెన్సు. క్లయింట్ లైబ్రరీ మొదట ఎల్‌జీపీఎల్ అనే సడలింపు ఉన్న లైసెన్సు కింద ఉండేది, 4.0 నుంచి అంతకంటే కఠినమైన జీపీఎల్ అయింది, జీపీఎల్‌తో పొసగని లైసెన్సులున్న ప్రాజెక్టులన్నీ ఇబ్బంది పడ్డాయి, తర్వాత ఓపెన్‌సోర్స్ వాళ్ళకి మినహాయింపు అని ఒక కాగితం జతచేశారు. మరియాడీబీ కనెక్టర్ ఎల్‌జీపీఎల్ 2.1 కాబట్టి అక్కడ ఈ చిక్కు లేదు, డిస్ట్రోలు దానివైపు మొగ్గడానికి ఇదొక ఆకర్షణ.

ప్యాకేజీ చేసేవాళ్ళు ఇక్కడ చేసే సర్వసాధారణమైన తప్పు ఏంటంటే లైబ్రరీ పేరుని డిపెండ్స్‌లో చేత్తో రాయడం. బిల్డ్-డిపెండ్స్‌లో డిఫాల్ట్-లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్-డెవ్ అని పెట్టి, డిపెండ్స్‌లో షలిబ్స్ వేరియబుల్ వదిలేస్తే చాలు, బైనరీ ఏ లైబ్రరీకి లింక్ అయిందో టూల్ తనే చూసి డెబియన్‌లో లిబ్‌మరియాడీబీ3 అని, ఉబుంటులో అక్కడి లైబ్రరీ అని నింపుకుంటుంది. చేత్తో రాస్తే ఒక డిస్ట్రోలో సరిపోయి ఇంకో దాంట్లో వాడని లైబ్రరీని మోసుకొస్తుంది.

వర్షన్ చెక్ చేసే అప్లికేషన్లది ఇంకో తమాషా. మరియాడీబీ 10 సిరీస్ సర్వర్ క్లయింట్‌కి తన వర్షన్ చెప్పేటప్పుడు ముందు 5.5.5- అని తగిలించి ఆ తర్వాత అసలు నంబర్ చెప్పేది. పాత రెప్లికేషన్ కోడ్‌కి రెండంకెల మేజర్ వర్షన్ అర్థమయ్యేది కాదు, అందుకని పెట్టిన వేషం. కొన్ని అప్లికేషన్లు మొదటి మూడు అంకెలు చదివి "మీ డేటాబేస్ 5.5.5, మాకు 5.7 కావాలి" అని ఇన్‌స్టాల్ ఆపేసేవి, ప్యాకేజీ మేనేజర్ లెక్కలో మాత్రం అన్నీ సక్రమంగా ఉన్నట్టే. 11.0 నుంచి ఆ వేషం తీసేశారు. ఇలాంటివి డిపెండెన్సీ లైనుతో తీరవు, అప్లికేషన్ కోడ్ దగ్గరే సరిచేయాలి, వర్షన్ అడగడం మానేసి ఆ ఫీచర్ ఉందో లేదో అడిగితే ఇంకా నయం.

ఆల్పైన్ అనే చిన్న డిస్ట్రోలో అయితే మైఎస్‌క్యూఎల్-క్లయింట్ అని వేస్తే వచ్చేది మరియాడీబీ క్లయింటే. ఇంటిపేరు కస్తూరివారు అన్న సామెత గుర్తొస్తుంది. డాకర్ ఇమేజ్‌లో దాన్ని పెట్టి మైఎస్‌క్యూఎల్ 8 సర్వర్‌కి కనెక్ట్ అవ్వబోతే క్యాషింగ్-షా2-పాస్‌వర్డ్ అనే ప్లగిన్ లోడ్ అవ్వట్లేదు అని ఎర్రర్, ఎందుకంటే 8.0లో డిఫాల్ట్ లాగిన్ పద్ధతి అదే, దాని ప్లగిన్ ఫైల్ మరియాడీబీ-కనెక్టర్-సీ అనే వేరే ప్యాకేజీలో ఉంది, అది విడిగా వేసుకోవాలి. చాలామంది ప్యాకేజీ వేయడం మానేసి సర్వర్‌లో పాత పాస్‌వర్డ్ పద్ధతికి మార్చేసి చేతులు దులుపుకున్నారు, 2024లో 9.0 వచ్చి ఆ పాత పద్ధతినే సర్వర్‌లోంచి తీసేసింది.

ఇక అసలు ప్రశ్న, అప్లికేషన్ ప్యాకేజీ డేటాబేస్ సర్వర్ మీద డిపెండ్స్ పెట్టాలా? దాదాపు ఎప్పుడూ పెట్టకూడదు. డేటాబేస్ వేరే మెషీన్లో ఉండటం చాలా మామూలు విషయం, అప్పుడు వెబ్ సర్వర్ మీద అనవసరంగా ఇంకో మైఎస్‌క్యూఎల్‌డీ లేచి 3306 పట్టుకుని కూర్చుంటుంది. క్లయింట్ డిపెండ్స్‌లో, సర్వర్ రికమెండ్స్‌లో ఉండాలి, గొడవల్లో చాలా భాగం ఈ ఒక్క మార్పుతో మాయమవుతాయి, ఎందుకంటే రికమెండ్స్ తీరకపోయినా ఇన్‌స్టాల్ ఆగదు. డేటాబేస్ సృష్టించడం, యూజర్‌ని పెట్టడం, పాస్‌వర్డ్ అడగడం లాంటి పనులకి డెబియన్‌లో డీబీకాన్ఫిగ్-కామన్ ఉంది, అందులో మైఎస్‌క్యూఎల్‌కి ఒకటి, పోస్ట్‌గ్రెస్‌కి ఒకటి, ఎస్‌క్యూలైట్‌కి ఒకటి విడి ప్యాకేజీలున్నాయి, ఏదీ వద్దు బాబూ నేనే చూసుకుంటా అనేవాళ్ళకి డీబీకాన్ఫిగ్-నో-థ్యాంక్స్ అని ఇంకోటి ఉంది. ఈ పేరు పెట్టినవాళ్ళకి దండం.

సర్వర్ నిజంగానే అదే మెషీన్లో కావలసిన అరుదైన కేసు కేడీఈ డెస్క్‌టాప్ వాళ్ళ అకొనాడి. మెయిళ్ళు, కాంటాక్టులు దాచుకోవడానికి ప్రతి యూజర్‌కీ సొంత మైఎస్‌క్యూఎల్ ప్రాసెస్ నడుపుకుంటూ వచ్చింది. మెయిల్ చదువుకుందామని కేమెయిల్ వేస్తే ల్యాప్‌టాప్‌లో సిస్టమ్ మొత్తానికి డేటాబేస్ సర్వర్ మొదలవడం బాగోదు కదా, అందుకే సర్వర్ ప్యాకేజీని రెండుగా చీల్చారు. -కోర్ అని ఉన్నదాంట్లో ప్రోగ్రాం ఫైళ్ళు మాత్రం ఉంటాయి, సర్వీస్ మొదలెట్టడం, సిస్టమ్ యూజర్‌ని పెట్టడం అంతా అసలు సర్వర్ ప్యాకేజీలో ఉంటుంది. ఈ వ్యాసం మొదట్లో చెప్పిన ఆప్ట్ లిస్టులో మరియాడీబీతోపాటు మెయిల్ ప్రోగ్రాం పోతుంది అని చూపించేది ఈ లింకు వల్లే.

పోస్ట్‌గ్రెస్ వైపు చూస్తే ఇంత రభస కనపడదు. డెబియన్‌లో పోస్ట్‌గ్రెస్ 15 ప్రోగ్రాములు 15 అనే ఫోల్డర్‌లో, 17వి 17 అనే ఫోల్డర్‌లో, డేటా కూడా అలాగే వర్షన్ పేరుతో విడి ఫోల్డర్లలో, ఒక్కో క్లస్టర్‌కి (ఒక సర్వర్, దాని డేటా కలిపి) ఒక్కో పోర్టు. రెండు వర్షన్లు పక్కపక్కనే నడుస్తాయి, పీజీ_అప్‌గ్రేడ్‌క్లస్టర్ కొడితే పాతదాన్లోంచి కొత్తదాన్లోకి డేటా వెళ్తుంది, నచ్చకపోతే పాతది అలాగే ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ల పేర్లలో కూడా పోస్ట్‌గ్రెస్ వర్షన్ ఉంటుంది. డెబియన్ 12లో 15, 13లో 17 రావడం ఇంత నెమ్మదిగా జరిగిపోయిందంటే కారణం ఈ ఫోల్డర్ల ఏర్పాటే. మైఎస్‌క్యూఎల్ కుటుంబానికి ఇది మొదట్లోనే చేసి ఉంటే ఈ వ్యాసంలో సగం రాయాల్సిన పని ఉండేది కాదు, ఇప్పుడు చేద్దామన్నా /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్ అనే దారి లక్షల స్క్రిప్టుల్లో పాతుకుపోయింది. రెడ్‌హ్యాట్ 8లో మాడ్యూల్స్ అని పెట్టి మైఎస్‌క్యూఎల్ 8.0, మరియాడీబీ 10.3లో కావలసినది ఎంచుకోమన్నారు, ఎంచుకోవడం వరకే, రెండూ ఒకేసారి వేసుకోవడం అక్కడా కుదరదు.

లైసెన్సు ఒక్కటే డిపెండెన్సీని ఎలా బిగదీస్తుందో బర్క్‌లీ డీబీ అనే ఇంకో డేటాబేస్ లైబ్రరీ చూపించింది. దాన్ని తయారుచేసే స్లీపీక్యాట్ కంపెనీని ఒరాకిల్ 2006లో కొనడంతో ఇదీ దాని చేతికే వచ్చింది, 2013లో 6.0 సిరీస్‌ని జీపీఎల్ కంటే కఠినమైన ఏజీపీఎల్ కిందికి మార్చింది. దాన్ని వాడే ప్రతి సర్వర్ సాఫ్ట్‌వేర్ తన లైసెన్సు సంగతి మళ్ళీ ఆలోచించుకోవాల్సి వచ్చేసరికి డిస్ట్రోలు 5.3 దగ్గరే ఆగిపోయాయి. వర్షన్ నంబర్ చూస్తే పాత సరుకు, కానీ అప్‌గ్రేడ్ చేయకపోవడమే అక్కడ సరైన పరిష్కారం, మెల్లమెల్లగా ఒక్కో ప్యాకేజీని బయటికి లాగడం. ఓపెన్‌ఎల్‌డాప్ అంతకుముందే ఎల్‌ఎండీబీ అనే సొంత లైబ్రరీ రాసుకుంది, రెడ్‌హ్యాట్ వైపు ప్యాకేజీ టూల్ ఆర్‌పీఎం తన సొంత డేటాబేస్‌ని ఫెడోరా 33లో, అంటే 2020లో, ఎస్‌క్యూలైట్‌కి మార్చుకుంది.

ఇదంతా ప్యాకేజీ మేనేజర్ ఇంకొంచెం తెలివిగా ఉంటే పోతుంది కదా అనే వాదన ఒకటుంది. ప్యాకేజీల ఇన్‌స్టాలేషన్ సమస్య ఎన్‌పీ-కంప్లీట్ (ఎప్పుడూ త్వరగా తేల్చే పద్ధతి ఎవరికీ తెలియని రకం) అని ఈడీఓఎస్ అనే యూరప్ ప్రాజెక్టులో 2006లోనే నిరూపించారు, ఓపెన్‌సూసే 2008లో ఇలాంటి చిక్కులు విప్పే శాట్ సాల్వర్‌కి మారింది, ఫెడోరా వైపు ప్యాకేజీ మేనేజర్ డీఎన్‌ఎఫ్ అదే దారిలో లిబ్‌సాల్వ్ వాడుతుంది, ఆప్ట్ కూడా 2025లో వచ్చిన 3.0లో కొత్త సాల్వర్ తెచ్చింది. సాల్వర్ బాగుంటే ఉన్న జవాబుని త్వరగా వెతుకుతుంది, లేదని తేలితే ఎందుకు లేదో వివరంగా చెబుతుంది. మెయింటైనర్ రాసిన కాన్‌ఫ్లిక్ట్స్ తప్పైతే అది ఆ తప్పుకే విధేయంగా లెక్క చేస్తుంది.

మిగిలింది డేటా, డిపెండెన్సీ లైన్లలో ఎక్కడా కనపడనిది, పోతే తిరిగి రానిది. మరియాడీబీ ఇప్పటికీ మైఎస్‌క్యూఎల్ 8.0 డేటా ఫైళ్ళు నేరుగా చదవలేదు, లోపలి డిక్షనరీ అంతా మారిపోయింది. ప్యాకేజీ పేర్లు ఎంత బాగా సర్దినా ఒకటి తీసి ఇంకోటి వేసే క్షణంలో ఆ ఫోల్డర్‌ని ఏం చేయాలన్నది ఎవరో ఒకరు తేల్చాలి. డెబియన్‌లో దీనికి డేటా ఫోల్డర్‌లోనే డెబియన్-5.7.ఫ్లాగ్ లాంటి ఖాళీ ఫైల్ పెడతారు, కొత్త ప్యాకేజీ వచ్చేముందు స్క్రిప్ట్ దాన్ని చూసి, ఇది నావల్ల అప్‌గ్రేడ్ అయ్యేది కాదు అనుకుంటే పాత ఫోల్డర్ పేరు చివర వర్షన్ తగిలించి పక్కన పెట్టి, కొత్త ఖాళీ ఫోల్డర్‌తో మొదలవుతుంది. లాగిన్ అయి చూస్తే ఒక్క టేబుల్ ఉండదు, గుండె ఆగినంత పని, నిజానికి డేటా పక్క ఫోల్డర్‌లో భద్రంగా ఉంటుంది. ఆ కంగారులో మళ్ళీ పాతది వేసి, ఇంకేదో తీసి నాలుగైదు సార్లు అటూ ఇటూ తిప్పితేనే ప్రమాదం.

కాబట్టి మారేముందు డంప్ (డేటా మొత్తం ఎస్‌క్యూఎల్ కమాండ్లుగా రాసిన ఫైల్) తీయాలి, ఫైళ్ళ కాపీ మీద ఆధారపడకూడదు. డంప్ తీసినా మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి చాలా మరియాడీబీ వర్షన్లకి ఎక్కించబోతే యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ అనే కొలేషన్ (అక్షరాలని పోల్చే పద్ధతి) తెలియదు అని ఆగిపోతుంది, 8.0లో డిఫాల్ట్ కొలేషన్ అదే మరి. అందరూ చెప్పే చిట్కా డంప్ ఫైల్లో ఆ పేరుని సెడ్ కమాండ్‌తో జనరల్_సీఐ అని మార్చేయడం. ఇంగ్లీషు డేటాకి చాలావరకు నడుస్తుంది. తెలుగు డేటాకి మాత్రం ఒక మెలిక ఉంది. సాఫ్ట్‌వేర్ అనే మాటని ట్ తర్వాత కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టి ఒకరు రాస్తారు, అది లేకుండా సాఫ్ట్వేర్ అని ఇంకొకరు రాస్తారు. 0900 కొలేషన్ యూనికోడ్ పద్ధతి ప్రకారం ఆ కనపడని అక్షరాన్ని లెక్కలోకి తీసుకోదు, రెండూ ఒకటే మాట. జనరల్_సీఐ ప్రతి కోడ్‌నీ విడిగా చూస్తుంది, రెండూ వేరే మాటలు. అప్పటిదాకా వెతికితే దొరికిన రికార్డులు మారిన తర్వాత సగమే దొరుకుతాయి, యూనిక్ ఇండెక్స్ అడ్డుకున్న డూప్లికేట్లు మెల్లగా లోపలికి వస్తాయి, ఎక్కడా ఎర్రర్ ఉండదు. దాని బదులు యూనికోడ్_సీఐ లేదా యూనికోడ్_520_సీఐ అని మారిస్తే ఈ విషయంలో పాత ప్రవర్తన దగ్గరగా నిలబడుతుంది, మాట చివర ఖాళీల దగ్గర మాత్రం తేడా ఉంటుంది, 0900 వాటిని లెక్కిస్తుంది, ఇవి లెక్కించవు. చివర స్పేస్ ఉన్నదీ లేనిదీ రెండు వరసలు ఉన్న టేబుల్‌లో యూనిక్ ఇండెక్స్ దగ్గర డూప్లికేట్ ఎంట్రీ అని ఇంపోర్ట్ ఆగితే అదే కారణం, ఎక్కించేముందు పాత సర్వర్ మీదే ట్రిమ్ చేసి, ఒకే మాట కింద ఎన్ని వరసలు పడుతున్నాయో లెక్కపెట్టి చూసుకోవాలి.